సంతకమునుండి వాక్యమునకు

మన మారిషస్ ద్వీపమున తెలుగు అక్షరము ఒకప్పుడు మనవారికి ఓటుహక్కును సంపాదించి పెట్టెను. ఈ సంగతి మన పెద్దలలో కొందఱికి జ్ఞాపకముండవచ్చును. నా యీడువారిలో చాలమందికి తెలియదు. కళాశాలలో చరిత్ర చదువుచున్న విద్యార్థినినగుటచే నాకది తెలియవచ్చెను. తెలిసిన పిమ్మట అది పరీక్షకొఱకు చదివి మఱచిపోదగిన విషయముగా తోచలేదు. చదువనగా నేమి, మన భాష యేది, మనమెవ్వరము అను మూడు ప్రశ్నలును దానిలో ముడివడి యున్నవి. ఆ ముడిని నాకు చేతనైనంతలో విప్పి ఆలయ పత్రికా పాఠకుల యెదుట నుంచుటకు పూనుకొనుచున్నాను.

1885 నాటి రాజ్యాంగము ప్రకారము ఆస్తిగాని, తగినంత ఆదాయముగాని గలవారికే మన దీవిలో ఓటు ఉండెను. చెఱకుతోటలలో పనిచేయు కుటుంబములకు ఆ రెండును అందని పండ్లే. 1936 ఎన్నికలలో దీవి మొత్తముమీద ఓటర్లు 12 వేలకు మించలేదు. 1947లో నూతన రాజ్యాంగము వచ్చి యీ కట్టుబాటును సడలించెను. వయస్సు వచ్చిన స్త్రీగాని, పురుషుడుగాని, దీవిలో వాడుకయందున్న భాషలలో ఏదో యొకదానియందు సులభమైన వాక్యములు చదివి వ్రాయగలిగినచో ఓటరు కావచ్చునని నిర్ణయింపబడెను. ఆ భాషల పట్టికలో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలతోపాటు హిందుస్తానీ, ఉర్దూ, గుజరాతీ, తమిళము, చీనా భాష, క్రియోలు ఉండెను. మన తెలుగును ఉండెను. 1948 ఆగస్టులో ఎన్నికలు జరుగునాటికి ఓటర్ల సంఖ్య 71 వేలు దాటెను.

ఈ మార్పు చట్టము వ్రాసినంతమాత్రమున రాలేదు. పగలంతయు పొలములో పనిచేసి వచ్చినవారు రాత్రులు దీపము ముందు కూర్చుండి అక్షరములు దిద్దిరి. బాసుదేవ్ బిసూన్‌దయాల్‌గారి ‘జన ఆందోళన’కు చెందిన సేవకులు గ్రామగ్రామమున హిందీ తరగతులు పెట్టి, ఓటుకు కావలసినంత చదువును వయస్సు మీఱినవారికి సైతము నేర్పిరి. కొడవలి పట్టి కాయలు కాచిన చేతులు బలపము పట్టినవి. పిమ్మట 1959 ఎన్నికలనాటికి వయోజనులందఱికి ఓటు లభించెను. అక్షరపరీక్షతో అవసరము తీరిపోయెను. అది మంచి మార్పే. చదువురాని వాడును పౌరుడే గదా!

అయినను ఆ పాత నియమములోని యొక మాటయొద్ద నా మనస్సు ఆగిపోయినది. పేరు వ్రాసిన చాలునని వారు అనలేదు. ఎదుటనున్న పంక్తిని పలికిన చాలుననియు అనలేదు. వాక్యము వ్రాయవలెనని అడిగిరి. పేరు వ్రాయుట మొదటి మెట్టు. వ్రాసియున్నదానిని పలుకుట రెండవ మెట్టు. తన మనస్సులోని మాటను తానే వాక్యముగా కూర్చుట మూడవ మెట్టు. ఈ దీవిలోని తెలుగు కుటుంబముల కథను ఈ మూడు మెట్లమీద నుంచి చూచినచో, మనమెంతవఱకు ఎక్కితిమో, ఎచ్చట నిలిచిపోతిమో స్పష్టపడునని నాకు తోచినది.

మొదటి మెట్టునకు కూడ ముందున్న కాలమును తలంచుకొందము. 1834 నవంబరు 2వ తేదీన తొలి ఒప్పంద కూలీల జట్టు పోర్ట్ లూయీ రేవునకు చేరెను. నాటినుండి 1920 వఱకు దాదాపు ఐదు లక్షలమంది ఆ దారినే వచ్చిరి. వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. మనవారిలో కొందఱు గోదావరి ముఖమునందలి కోరంగి రేవున ఓడనెక్కిరి. అందుచేతనే ఇచ్చట తెలుగువారిని చాలకాలము ‘కోరంగీలు’ అని పిలిచిరి. విశాఖపట్టణము, గంజాము జిల్లాల పల్లెలనుండి వచ్చినవారును పెక్కుమంది. నేటికిని మన గుళ్లలో సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు జరుగుచుండుట దీనికి తార్కాణము.

వచ్చినవారి పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, కులము, గ్రామము, ఓడ, ఇవన్నియు రిజిస్టర్లలో ఎక్కించిరి. ఆ రిజిస్టర్లును, తరువాతి కాలమున తీసిన ఫోటోలును నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. మా వంశమున మొదట ఈ గడ్డపై కాలుమోపినవారిని గూర్చిన పంక్తిని అచ్చట చూచుటకు నాకు అవకాశము కలిగెను. ఆయన ఎత్తు అంగుళములతో సహా స్పష్టముగా నున్నది. ఓడ పేరు స్పష్టముగా నున్నది. గ్రామము పేరు మాత్రము తేలలేదు. గుమాస్తా తన చెవికి వినబడిన ధ్వనిని ఇంగ్లీషు లిపిలో పెట్టెను. అందలి హల్లు ‘ద’కారమో ‘డ’కారమో, అచ్చు హ్రస్వమో దీర్ఘమో చెప్పుటకు వీలులేదు. దేశపటము ముందు పెట్టుకొని చూడగా ఆ అక్షరములకు సరిపోవు ఊళ్లు ఒకటికంటె ఎక్కువ కనబడినవి. ఆయన తన ఊరిపేరును తన లిపిలో ఒక్కసారి వ్రాసియుండినచో, ఆ కాగితము మూలనైనను దాని సరియైన రూపము నిలిచియుండెడిది. ఆయనకు అక్షరము రాదు. అందుచేత మాకు ఊరు లేకపోయెను. చదువు లేనివానికి కలుగు నష్టము అతనితో తీరిపోవునని అనుకొందుము. అది ఐదవ తరమువారికి కూడ సంక్రమించునని ఆనాడు నాకు బోధపడినది.

పేర్లకును ఇట్టి గతియే పట్టెను. తెలుగుదేశమున ఇంటిపేరు ముందును, పెట్టినపేరు వెనుకను ఉండును. ఇచ్చటి లెక్కలలో మనిషికి ఒక్క పేరే నిలిచి, అతని సంతతికి అదియే వంశనామమై కూర్చుండెను. ఒకానొక తాతకు తలిదండ్రులు ముద్దుగా పెట్టుకొన్న అప్పడు, వెంకటస్వామి, నారాయణస్వామి వంటి పేర్లు నేడెన్నో కుటుంబములకు ఇంటిపేర్లు. అసలైన ఇంటిపేర్లు చాల ఇండ్లలో మాసిపోయినవి. ‘ఉ’ అను మన అచ్చును ఇంగ్లీషు గుమాస్తా ఒక విధముగను, ఫ్రెంచి గుమాస్తా మఱియొక విధముగను వ్రాసిరి. నాయుడు అను పేరును మొదటి పద్ధతిని, ఉగాది అను పండుగను రెండవ పద్ధతిని ఇచ్చట నేటికిని వ్రాయుచున్నాము. మనము మన పేర్లను ఎట్లు వ్రాసికొనవలెనో మనలను ఎవ్వరును అడుగలేదు.

ఇంతమాత్రమున ఆ తరములవారు నోరులేనివారని తలంపరాదు. 1867 నాటి కూలీచట్టము, ఒప్పందము తీరినవారిని సైతము ఫోటోతో కూడిన చీటీ నిత్యము వెంటనుంచుకొని తిరుగునట్లు చేసెను. 1871లో ఆడోల్ఫ్ ద ప్లెవిట్స్ అను దయాళువు ఆ ‘పాత కూలీల’ కష్టములను విన్నపపత్రముగా వ్రాసి పెట్టగా, 9,401 మంది దానికి తమ పేర్లను జతపఱచిరి. దాని ఫలితముగా 1872లో విచారణకై రాయల్ కమీషన్ దీవికి వచ్చెను. పేరునకు గల శక్తి యెంతటిదో ఆ సంఖ్యయే చెప్పును. కాని ఆ పత్రములోని వాక్యములు మాత్రము మఱియొకరు వ్రాసినవి. తన కష్టమును తానే చెప్పుకొను వాక్యము అప్పటికి మనవారి చేతిలో లేదు.

ఇక రెండవ మెట్టు. మన గుళ్లలో రామభజనము జరుగురాత్రి దీపము చుట్టును చేరి పాడువారి చేతులలోని పుస్తకములను మీరు చూచియే యుందురు. పాట తెలుగు, లిపి ఫ్రెంచి. తెలుగు అక్షరములు రానివారు చెవితో విని, బడిలో నేర్చిన అక్షరములతో వ్రాసికొని, ఒకరి పుస్తకమునుండి మఱియొకరు ఎత్తి వ్రాసికొనుచు వచ్చిరి. మా నాయనమ్మగారి యొద్దను అట్టి నోటుపుస్తకము కలదు. దానిని తెలుగు లిపిలోనికి మార్చి వ్రాయవలెనని నేను పూనుకొంటిని. మొదటి పుటలోనే చిక్కు వచ్చెను. ఒక మాట ఫ్రెంచి లిపిలో నాలుగే అక్షరములతో ఉన్నది. అది విధియా? వీధియా? విడియా? వీడియా? ఈ నాలుగు మాటలకును ఆ లిపిలో రూపమొక్కటియే. ఒకటి బ్రహ్మ వ్రాసిన వ్రాత. ఒకటి రథము సాగు దారి. ఒకటి వేఱుగా నుండుట. ఒకటి విడిచిపెట్టి పోవుట. ఏది వ్రాయుదును?

నాయనమ్మగారిని అడిగితిని. ఆమె అర్థము చెప్పలేకపోయెను. “పాడిన తెలియును గాని, అడిగిన తెలియదు తల్లీ” అని క్రియోలులో పలికి, పాట అందుకొనెను. ఆ మాటయొద్దకు రాగానే మొదటి అక్షరముమీద గొంతు నిలిచి సాగినది. దీర్ఘమని తెలిసినది, ముందువెనుకల మాటలను బట్టి అది ‘వీధి’ యని తేలినది. లిపి పోగొట్టినదానిని రాగము దాచియుంచెను. ఆ సాయంకాలము మొదలు ఆమె పాడుచుండగా నేను వ్రాయసాగితిని. ఆఱు వారములలో పదునొకండు పాటలు మాత్రమే పూర్తియైనవి. కొన్నిచోట్ల ఆమె గొంతును కూడ తడబడెను; అట్టి మాటలను చుక్కలు పెట్టి వదలితిని.

ఇందువలన రెండు సంగతులు గ్రహించితిని. మొదటిది, చదువురాదని మనము తేలికగా అనుకొను పెద్దల యొద్ద ఉన్నది అజ్ఞానము కాదు. పుస్తకమునకు దొరకని జ్ఞానము. రెండవది, ఆ జ్ఞానమునకు ఆయుర్దాయమున్నది. పాడువారు ఉన్నంతవఱకే ఆ నోటుపుస్తకము పాటల పుస్తకము. వారు లేనినాడు అది అర్థము తెలియని ధ్వనుల పట్టిక. ఫ్రెంచి లిపిలో వ్రాసికొనుట దోషమని నేననను. ఆ లిపియే లేకున్నచో ఆ పాటలు ఎన్నడో పోయెడివి. కాని దానితో తృప్తిపడి యుండుట మాత్రము ప్రమాదము. పలుకుచున్నదేమో తెలియక పలుకువానికి, తప్పుగా పలికినప్పుడు అది తప్పని తెలియదు. ఒక తరములో పోయిన దీర్ఘము మఱుసటి తరమునకు తిరిగి రాదు.

అయితే మన పిల్లలు బడిలో తెలుగు చదువుచున్నారు గదా యని మీరు అడుగవచ్చును. నిజమే. ప్రాథమిక పాఠశాలలలో పూర్వికుల భాషగా హిందీ, ఉర్దూ, తమిళము, మరాఠీలవలెనే తెలుగును బోధింపబడుచున్నది. 1970లో స్థాపింపబడిన మహాత్మాగాంధీ సంస్థలో పై చదువులకు కూడ వీలున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన దీవిలోనే జరిగినవి. ఉగాది మనకు ప్రభుత్వ సెలవుదినము. ఇంత గౌరవము పొందిన భాషకు ఇంకేమి కొఱత? కొఱత యెచ్చటనో నా సహపాఠులను, నన్ను చూచుకొన్నచో తెలియును. మేము తెలుగును మార్కులకొఱకు చదివితిమి. ప్రాథమిక పరీక్ష తరగతిక్రమములో పూర్వికుల భాషల మార్కులను లెక్కింపవలెనా, వలదా యను వివాదము ఎంత తీవ్రమైనదనగా, 1995లో దానికై తెచ్చిన రాజ్యాంగ సవరణ శాసనసభలో నెగ్గకపోగా సభయే రద్దై ఎన్నికలు వచ్చినవి. భాషకు మార్కుల విలువ ఉండుట న్యాయమే. కాని మార్కులతో మొదలైన ప్రేమ మార్కులతోనే ముగియును. పరీక్ష ముగిసిన మఱునాడే వాచకమును పెట్టెలో పెట్టినవారు మాలో పెక్కుమంది కలరు.

ఆ వాచకములో మేము నేర్చినదేమి? ప్రశ్నకు సమాధానము, పద్యమునకు భావము, ఖాళీలలో పదము. ఇవి యన్నియు రెండవ మెట్టునకు సంబంధించినవే. నిన్న రాత్రి గాలివాన వచ్చి మా యింటి వెనుకనున్న మామిడికొమ్మ విఱిగెనని తెలుగులో వ్రాయుమని నన్ను ఎవ్వరును అడుగలేదు, నేనును వ్రాయలేదు. గాలివాన సంగతి క్రియోలులో చెప్పుకొందుము. వార్తాపత్రికలో ఫ్రెంచిలో చదువుదుము. కళాశాలలో ఇంగ్లీషులో వ్యాసము వ్రాయుదుము. తెలుగు మాత్రము గుడిలో దేవునితో మాటాడుటకు, పరీక్షాధికారితో మాటాడుటకు మిగిలినది. మనిషితో మాటాడుటకు మిగులలేదు.

ఒక యుగాదినాడు ఆంధ్రదేశమునుండి వచ్చిన అతిథి యొకరు మా గుడిలో పిల్లలను చూచి, “తెలుగువారై యుండి తెలుగు మాటాడరేమమ్మా?” అని అడిగిరి. పుస్తకములనుండి నేర్చిన తెలుగులో, మాటకు మాట వెదకికొనుచు నేను సమాధానము చెప్పితిని. ఆయన చిఱునవ్వు నవ్వి, నాటకములోని పాత్ర మాటాడినట్లున్నదనిరి. ఎగతాళి కాదు, ఆప్యాయతయే. అయినను ఆ మాట నన్ను చాలదినములు విడువలేదు. పిదప మాటలలో ఆయనయే చెప్పిరి: వారి మనుమలు ఆంగ్లమాధ్యమ పాఠశాలలలో చదువుచున్నారట, ఇంట తెలుగు గలగల మాటాడుదురట గాని, తెలుగు పత్రికలోని శీర్షికను కూడుకొని కూడుకొని చదువుదురట. నాకప్పుడు తోచినది. వారికి మాట యున్నది, అక్షరము జాఱిపోవుచున్నది. మాకు అక్షరమున్నది, మాట లేదు. ఒకే యింటి రెండు గదులలో సగము సగము దీపములు వెలుగుచున్నవి.

అట్లయినచో మా మాతృభాష యేది? దాపఱికము వలదు. మా యమ్మగారు నన్ను లాలించినది క్రియోలులో. నేను కలలు కనునది క్రియోలులో. 2011 జనాభా లెక్కలలో దీవి ప్రజలలో నూటికి 80 మందికి పైగా తమ యింటిభాష క్రియోలని చెప్పిరి. మన తెలుగు కుటుంబములు దీనికి వెలి కావు. చాలకాలము ఆ భాషను వ్యాకరణములేని ఊరిమాట యని తేలికచేసిరి. 2004లో దానికి ఒక సమన్వయ లిపిపద్ధతి ప్రతిపాదింపబడెను. 2012లో ప్రాథమిక పాఠశాలలలో ఐచ్ఛిక పాఠ్యాంశముగా ప్రవేశపెట్టబడెను. అప్పుడు దానిని పూర్వికుల భాషల సరసన నిలిపి, పిల్లవాడు ఏదో యొకదానిని ఎన్నుకొనవలెననిరి. తల్లి భాషను, తాత భాషను తక్కెడలో చెరియొక వైపున పెట్టినట్లయ్యెను. మనలో కొందఱు, తెలుగును కాపాడవలెననిన క్రియోలును దూరముంచవలెనని నాటినుండి భావించుచున్నారు. నా మనవి దీనికి భిన్నమైనది.

మన పూర్వికులు వచ్చిన శ్రీకాకుళపు సీమలోనే 1863లో గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించిరి. ఆయన పుట్టినదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. పండితుల గ్రాంథికము బడిపిల్లలకు భారమగుచున్నదనియు, జనులు మాటాడు శిష్టమైన వాడుకభాషయే పుస్తకములలో నుండవలెననియు ఆయన జీవితమంతయు వాదించిరి. నేనిప్పుడు వ్రాయుచున్న యీ భాషను చూచినచో ఆయన నన్ను గట్టిగనే మందలించి యుండెడివారు! అయితే ఆయన చేసిన మఱియొక పని మనకు ఇంకను ముఖ్యమైనది. ఆ ప్రాంతపు కొండలలో నివసించు సవరలకు లిపి లేదు, పుస్తకము లేదు. రామమూర్తిగారు వారి భాషను శ్రమపడి నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పాటుపడి, 1931లో సవరభాషా వ్యాకరణమును వెలువరించిరి. తెలుగుకొఱకు అంతగా పోరాడినవారే, లిపిలేని భాషను చిన్నచూపు చూడరాదని ఆచరణలో చూపిరి. తెలుగుమీది ప్రేమకు క్రియోలుమీది చిన్నచూపు అవసరము లేదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము నాకు దొరకలేదు.

మన దీవి రచయితలను చూచినను ఇదియే తెలియును. క్రియోలులో నాటకములు, కవితలు వ్రాసి, షేక్‌స్పియరును ఆ భాషలోనికి తెచ్చి, 2023లో కీర్తిశేషులైన దేవ్ వీరస్వామిగారు ఆ ‘ఊరిమాట’కు సాహిత్యగౌరవము తెచ్చిరి. నతాషా అప్పనాగారు ఫ్రెంచిలో వ్రాయుదురు; భారతదేశమునుండి ఓడలలో వచ్చిన కూలీల కథను 2003లో నవలగా వెలువరించిరి; 1872లో వచ్చిన తన పూర్వికులను గూర్చి 2023లో మఱియొక గ్రంథము వ్రాసిరి. ఆ గుమాస్తా వ్రాసిన పంక్తులను ఆమె తన వాక్యములుగా మార్చుకొనిరి. భాష ఫ్రెంచియైనను, మూడవ మెట్టు ఎక్కుట యనగా నిదియే. తనను గూర్చి ఇతరులు వ్రాసినదానిని చదువుకొనువాడు చదువరి. తనను గూర్చి తాను వ్రాయగలవాడు చదువుకొన్నవాడు.

కాబట్టి ‘మనము తెలుగువారమేనా?’ యను ప్రశ్నకు నేను చెప్పుకొన్న సమాధానమిది. రక్తములో భాష ఉండదు. ఉండియుండినచో మేము పలకమీద ‘అ’ దిద్దవలసిన పని లేకపోయెడిది. ఇంటిపేరులోను భాష ఉండదు; అది గుమాస్తా చేతిలో మాఱిపోవును. ప్రతి తరమును శ్రమపడి నేర్చుకొన్నంతమేరకే భాష తనదగును. పుట్టుకతో మాటాడువాడు దానిని ఆస్తిగా పొందును. మావంటివారు కూలిచేసి సంపాదించుకొందురు. సంపాదించుకొన్నదానిమీద హక్కు తక్కువ కాదు. 1948లో వయస్సు మీఱి అక్షరములు దిద్దిన ఆ కూలీలు దీనికి సాక్షులు.

ఊరక విచారించుట వలన ప్రయోజనము లేదు గనుక, మన ఆలయ సంఘమువారికి మూడు చిన్న మనవులు చేయుచున్నాను. వీనికి ధనమక్కఱలేదు; ఓపిక మాత్రము కావలెను.

మొదటిది: ఇంటింట నున్న భజన పుస్తకములను ఒకచోట చేర్చుదము. పెద్దలు పాడుచుండగా, తెలుగు అక్షరములు వచ్చిన విద్యార్థులు ప్రక్కన కూర్చుండి వ్రాయవలెను. ప్రతిపుటలో మూడు వరుసలుండవలెను: తెలుగు లిపిలో పాట, పలుకుటకు వీలుగా మనకలవాటైన లిపిలో అదే పాట, క్రియోలులో దాని యర్థము. మూడవ వరుసను వదలిపెట్టరాదు. అర్థము తెలిసిన పిల్లవాడే మాటను ప్రేమించును. పాడినవారి గొంతును ఫోనులో పట్టియుంచుట నేడు పసిపిల్లలకు సైతము తెలిసిన పని. దానిని కూడ చేయుదము. తేలని మాటలను ఊహించి వ్రాయక, చుక్కలు పెట్టి మఱియొక ఊరి పెద్దలను అడుగుదము.

రెండవది: గుడి తరగతికి వచ్చు ప్రతి పిల్లయు, పిల్లవాడును వారమునకొక్క వాక్యము సొంతముగా వ్రాయవలెను. పుస్తకమునుండి ఎత్తి వ్రాసినది కారాదు. ‘మా నాన్నగారు చెఱకు కోతకు వెళ్లిరి’ అనియో, ‘బస్సు ఆలస్యముగా వచ్చినది’ అనియో, ‘నేడు సముద్రము చాల కోపముగా నున్నది’ అనియో వ్రాసిన చాలును. గ్రాంథికమా, వాడుకయా యను పట్టుదల వలదు. బస్సును బస్సనియే వ్రాయనిండు. ఆ వాక్యములను గుడి వసారాలోని బల్లమీద అంటింపుడు. తప్పులున్నచో ఉపాధ్యాయుడు వేఱుగా చెప్పవలెనే గాని, పెద్దలెవ్వరును నవ్వరాదు. నవ్విన చోట రెండవ వాక్యము పుట్టదు.

మూడవది: మనకు ఓర్పుతో తెలుగు నేర్పిన గురువులయొద్దకు, అప్పుడప్పుడు వచ్చు అతిథులయొద్దకు పిల్లలను పంపి, రెండు మూడు మాటలైనను మాటాడింపుడు. వారు నాటకపాత్రలవలె మాటాడినను బాధలేదు. పాత్రకైనను నోరుండుట మేలు గదా!

మా నాయనమ్మగారికి 84 ఏండ్లు. ఆమె పుస్తకములో ఇంకను ముప్పదికి పైగా పాటలు మిగిలియున్నవి. మీ యిండ్లలోను అట్టి అవ్వలు, తాతలు ఉందురు. అట్టి పుస్తకములు ఉండును. వచ్చు ఆదివారము భజన ముగిసిన పిమ్మట కాగితము, కలము పట్టుకొని వారి ప్రక్కన కొంతసేపు కూర్చుండుడని నా యీడు సోదరసోదరీమణులను వేడుకొనుచున్నాను. మొదట వారి పాట వ్రాయుడు. దాని క్రింద, నేడు ఈ పాటను మా అవ్వ పాడగా నేను వ్రాసితినని, మీ సొంత వాక్యమొకటి తెలుగులో వ్రాసి, తేదీ వేయుడు.